లోడు లేని ఊరు

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పవర్‌హౌస్ లోయ అడుగున ఉంటుంది. కొండ అంచు నుంచి అక్కడికి దిగాలంటే పట్టాల మీద ఉక్కుతాడుతో దింపే వించ్ ఎక్కాలి. మా నాన్నగారు ముప్పయ్యేళ్ళకు పైగా ఆ వించ్‌లో దిగి, ఎక్కి, షిఫ్టులు చేశారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వచ్చిన మేము ఒడిశా గడ్డ మీద, తెలుగు మాట్లాడే కాలనీలో, గురువారం గురువారం ఒనకడెల్లి సంతకు వెళ్ళి కూరగాయలు తెచ్చుకుంటూ పెరిగాం.

కాలనీలో కరెంటుకు కొదవ ఉండేది కాదు. కొరాపుట్ కొండల చలి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. పుష్యమాసంలో ప్రతి ఇంట్లోనూ కాయిలు హీటరు ఎర్రగా కాలుతూనే ఉండేది, స్నానానికి నీళ్ళు సైతం దాని మీదనే కాగేవి. అందువల్ల రేషను కార్డు మీద వచ్చే కిరసనాయిలుతో మాకు పెద్దగా పని పడేది కాదు. వాగు అవతలి ఊరి నుంచి కట్టెల మోపు తెచ్చే గదబ తెగ ఆవిడ ఒకరుండేవారు. మేము మౌసీ అని పిలిచేవాళ్ళం. నెలకోసారి ఆమె చేటలో గడ్డితో చుట్టిన సీసా పెట్టుకొని వచ్చి, మా వాటా కిరసనాయిలు పట్టుకువెళ్ళేది. డబ్బులు ఇవ్వబోతే మా అమ్మ "కట్టెల్లో చూసుకుందాంలే" అనేది. వాళ్ళ ఊళ్ళో కార్డులు కొందరికే ఉండేవి. చీకటి మాత్రం అందరికీ పడేది. పవర్‌హౌస్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊరికి దేశపు ఇంధన విధానంతో ఉన్న చుట్టరికమంతా ఆ సీసాయే.

ఇంధన విధానం అనగానే బొగ్గు మేలా, సౌర విద్యుత్తు మేలా, అణు విద్యుత్తు మేలా అన్న చర్చ మొదలవుతుంది. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "ఎంత కావాలి?" అన్నది. ఆ అంకె ఎలా పుడుతుంది, ఎవరిని అడిగి రాస్తారు అన్న దగ్గరే విధానంలో సగం తేలిపోతుంది. ఆ అంకెలో లేని ఊరికి తరువాత ఏ పథకం వచ్చినా దయాధర్మంగానే వస్తుంది, హక్కుగా రాదు. ఈ మాట తేలికగా అనడం లేదు. పదవీ విరమణ చేసిన తరువాత నాలుగైదేళ్ళుగా ఈ కాగితాలన్నీ చదువుతూ, అటు మాచ్‌ఖండ్ నుంచి ఇటు చిత్రకొండ దాకా తిరుగుతూ కుదుర్చుకున్న అభిప్రాయం ఇది.

మన దేశంలో ఇంధనానికంతటికీ కలిపి ఒక మంత్రి లేడు. విద్యుత్తుకు ఒక శాఖ, బొగ్గుకు ఒకటి, చమురుకూ సహజవాయువుకూ ఒకటి, నవీన పునరుత్పాదక ఇంధనాలకు ఒకటి, అణుశక్తికి మరొకటి. (మా కొండల్లో ఈనాటికీ పొయ్యిలో మండేది ఎక్కువగా కట్టెలే, వాటిని పట్టించుకునేది అటవీ శాఖ, అదీ కేసు రాయడానికి.) వీటన్నిటినీ ఒక్క చూపుతో చూడాలని ప్రయత్నాలు జరగకపోలేదు. కిరీట్ పారిఖ్ అధ్యక్షతన నియమించిన నిపుణుల సంఘం 2006లో సమగ్ర ఇంధన విధానం మీద నివేదిక ఇచ్చింది. 2017లో నీతి ఆయోగ్ జాతీయ ఇంధన విధానం పేరిట ముసాయిదా విడుదల చేసింది గానీ, అది ముసాయిదాగానే మిగిలిపోయింది. విద్యుత్తు వరకు మాత్రం 2003 నాటి చట్టం దారి వేసింది. ఆ చట్టంలోని మూడో సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం రాష్ట్ర ప్రభుత్వాలతోనూ, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థతోనూ సంప్రదించి జాతీయ విద్యుత్ విధానాన్ని రూపొందించాలి. ఆ విధానానికి లోబడి ప్రాధికార సంస్థ ఐదేళ్ళకొకసారి జాతీయ విద్యుత్ ప్రణాళిక తయారు చేయాలి. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్రాల మాటకు చోటుంది. ప్రణాళిక ముసాయిదా మీద ప్రజల అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. కాగితం మీద ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

వంక అసలు ఆ ప్రణాళికకు పునాదిగా వేసే సర్వేలో ఉంది. దాన్ని విద్యుత్ శక్తి సర్వే అంటారు. దీన్ని చేసేది కూడా ప్రాధికార సంస్థే. ఇరవయ్యో సర్వే 2022లో వెలువడింది. దాని ప్రకారం 2031-32 నాటికి దేశపు గరిష్ఠ డిమాండు 366 గిగావాట్లకు (గిగావాటు అంటే వెయ్యి మెగావాట్లు), ఏడాది అవసరం సుమారు 2,470 బిలియన్ యూనిట్లకు (బిలియన్ అంటే వంద కోట్లు) చేరుతుంది. 2023లో వచ్చిన జాతీయ విద్యుత్ ప్రణాళిక ఆ అంకెను ఆధారం చేసుకొని, అప్పటికి దేశంలో 900 గిగావాట్ల స్థాపిత సామర్థ్యం, అంటే కేంద్రాలన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగలిగేంత, ఉండాలని లెక్కకట్టింది. ఎక్కడ ఏ ఆనకట్ట కట్టాలి, ఏ గనికి అనుమతి ఇవ్వాలి, ఎటు లైను లాగాలి అన్న మాటలన్నీ ఆ తరువాత వచ్చేవే.

మరి ఆ 366 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రధానంగా పంపిణీ సంస్థలు గడచిన సంవత్సరాల్లో ఎంత కరెంటు అమ్మాయో ఆ చిట్టాల నుంచి. గృహాలు, వ్యాపారాలు, సేద్యం, పరిశ్రమలు అంటూ వర్గాలవారీగా అమ్మకాలు తీసుకొని, పెరుగుదల రేటు చూసి, ముందుకు పొడిగిస్తారు. ఒక మెగావాటుకు పైబడిన డిమాండు ఉన్న పరిశ్రమల సంగతి ప్రత్యేకంగా కనుక్కుంటారు. ప్రభుత్వ పథకాల వల్ల రాబోయే కొత్త కనెక్షన్లనూ కలుపుతారు. అది చేయరని అంటే అన్యాయమవుతుంది. కానీ పద్ధతికి వెన్నెముక నిన్నటి అమ్మకమే. నిన్న వాడినవాడు రేపు ఇంకొంచెం వాడతాడని ఆ పద్ధతి ఊహించగలదు. నిన్న వాడడానికి లేనివాడికి ఏం కావాలో ఊహించడానికి దాని దగ్గర పనిముట్టు లేదు.

మౌసీ మనవడి సంగతి చెబితే ఇది ఇంకా తేటపడుతుంది. వాళ్ళ ఊరికి ఇప్పుడు స్తంభాలున్నాయి, చిన్న ట్రాన్స్‌ఫార్మరుంది, సౌభాగ్య పథకంలో ఇంటింటికీ మీటరు వచ్చింది. ఇళ్ళ దీపాలకు సరిపడే సింగిల్ ఫేజు. రాత్రి రెండు బల్బులు, కొన్ని ఇళ్ళల్లో ఒక ఫ్యాను, సెల్‌ఫోను చార్జింగు. అతనికి చోడి (రాగి) పిండిమర పెట్టాలని ఉంది. చుట్టుపట్ల ఆరేడు ఊళ్ళవాళ్ళు చోళ్ళు తలకెత్తుకొని సంతదాకా నడిచి ఆడించుకుంటున్నారు కాబట్టి గిరాకీకి లోటు లేదు. మరకు పెద్ద మోటార్లు తిప్పే త్రీఫేజు లైను కావాలి. కరెంటు ఆఫీసుకు వెళ్ళి అడిగితే అక్కడి ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టి, "మీ ఊళ్ళో లోడు లేదు బాబూ, లైను వేస్తే గిట్టదు" అన్నారట. ఆ ఉద్యోగి అబద్ధం చెప్పలేదు. మీటర్లన్నీ కలిపినా ఆ ఊరి వాడకం ఒక పట్నం షాపు వాడకమంత ఉండదు. మనవడు డీజిలు ఇంజను తెచ్చుకున్నాడు. ఊరి చివర రేకుల షెడ్డులో అది దడదడమంటూ నడుస్తుంది; తెల్లని పిండిలా ఉండదు చోడి పిండి, ఎర్రమట్టి రంగులో గాలికి లేచి, అతని కనుబొమల మీదా, బెల్టు మీదా, గోడకు తగిలించిన దేవుడి పటం మీదా పడి ఉంటుంది. ఆ ఇంజను తాగే డీజిలు చమురు శాఖ లెక్కల్లో రవాణా ఇంధనంతో కలిసిపోతుంది. విద్యుత్ సర్వేలో ఆ మరకు ఉనికి లేదు. లైను లేదు కాబట్టి లోడు లేదు, లోడు లేదు కాబట్టి లైను రాదు. వచ్చే ఐదేళ్ళ సర్వేకు కూడా ఆ ఊరు తరఫున వెళ్ళేది రెండు బల్బుల లెక్కే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, మాచ్‌ఖండ్ కట్టినప్పుడూ ఇంతే. మద్రాసు, ఒడిశా ప్రభుత్వాల ఉమ్మడి ప్రాజెక్టుగా మొదలై 1955లో ప్రారంభమైన ఆ కేంద్రం సామర్థ్యం సుమారు 120 మెగావాట్లు. తొలి ఒప్పందంలో మద్రాసు వాటా (తరువాత అది ఆంధ్రది) 70 శాతం, ఒడిశా వాటా 30 శాతం. నేల ఎవరిది, మునక ఎవరిది అన్న వాటికన్నా, ఎవరు ఎంత వాడుకోగలరన్న లెక్కే ఆ పంపకంలో ఎక్కువగా పనిచేసిందని నా అనుమానం. కోస్తాలో పట్నాలున్నాయి, రేవున్నది, మిల్లులున్నాయి. కొరాపుట్‌లో ఏమున్నది? తరువాతి దశాబ్దాల్లో రెండు రాష్ట్రాల మధ్య బేరాలు సాగి వాటా సగం సగానికి వచ్చింది గానీ, మాచ్‌ఖండ్‌కు నీళ్ళిచ్చే జలపుట్ జలాశయం కింద పోయిన సుమారు మూడు వేల కుటుంబాలకు ఆ బేరంలో ఏ వాటా లేదు. అదే నీరు కిందికి పోయి బలిమెల జలాశయం చేరుతుంది. అక్కడి కేంద్రం 510 మెగావాట్లు. ఆ నీటి వల్ల మల్కనగిరి జిల్లాలో 151 ఊళ్ళు ద్వీపాలై, దశాబ్దాల పాటు లాంచీ తప్ప వేరే దారి లేక "కట్ ఆఫ్ ఏరియా" అన్న పేరుతోనే బతికాయి. గురుప్రియ వంతెన 2018లో గానీ రాలేదు.

విధానాల్లో నిర్వచనాలకు ఉన్న బలం ప్రాజెక్టులకు ఉన్న బలం కన్నా తక్కువేమీ కాదని కూడా ఈ తిరుగుళ్ళలోనే తెలిసింది. 1997 దాకా ఒక రెవెన్యూ గ్రామం సరిహద్దు లోపల ఏ పనికైనా సరే కరెంటు వాడితే చాలు, అది విద్యుదీకరణ జరిగిన గ్రామమే. చెరువు గట్టున ఒక మోతుబరి మోటారు తిరిగితే ఊరంతటికీ వెలుగు వచ్చినట్టు రాసుకున్నారు. 2004లో నిర్వచనం మార్చి, ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు, తీగలు ఉండాలి, బడికీ పంచాయతీ కార్యాలయానికీ ఆరోగ్య కేంద్రానికీ కరెంటు అందాలి, కనీసం పది శాతం ఇళ్ళకు కనెక్షను ఉండాలి అన్నారు. మెరుగే. అయినా నూరిళ్ళలో తొంభై చీకట్లో ఉన్నా ఆ గ్రామం పట్టికలో వెలిగే ఉంటుంది. 2018 ఏప్రిల్ 28న దేశంలోని గ్రామాలన్నిటికీ విద్యుత్తు అందిందని ప్రకటించినప్పుడు ఆధారం ఈ నిర్వచనమే. ఇంటింటి లెక్క సౌభాగ్యతో మొదలైంది, అదీ 2017 సెప్టెంబరులో. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బయ్యేళ్ళకు ఇల్లు అన్నది ప్రభుత్వ పట్టికల్లో అసలు కొలతగా మారింది.

2005 ఫిబ్రవరిలో వెలువడిన జాతీయ విద్యుత్ విధానంలో రెండు లక్ష్యాలు దగ్గరదగ్గరగానే కనిపిస్తాయి. 2012 నాటికి తలసరి విద్యుత్ లభ్యత వెయ్యి యూనిట్లు దాటాలన్నది ఒకటి. అదే గడువుకు ప్రతి ఇంటికి జీవనాధారంగా రోజుకు కనీసం ఒక యూనిట్ అందాలన్నది మరొకటి. మొదటిసారి చదివినప్పుడు ఈ రెండూ ఒకే దేశం గురించి రాసినవేనా అని మళ్ళీ చూసుకున్నాను. రోజుకు ఒక యూనిట్ అంటే ఏడాదికి 365. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 73. సగటు మనిషికి వెయ్యి, కొండ ఊరి మనిషికి 73. పేదవాడికి కనీసం ఇంతైనా ఇవ్వాలి అన్న మంచి ఉద్దేశంతోనే అది రాసి ఉంటారు, సందేహం లేదు. కానీ కనీసం అని రాసినది కాలక్రమాన ఇంతే చాలు అన్న అంచనాగా మారిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు సైజు ఆ అంచనాను బట్టే వస్తుంది, తీగ మందం దాన్ని బట్టే వస్తుంది, పిండిమర ఆగిపోయేది అక్కడే. మా జిల్లాలోని పంచపట్మాలి కొండ మీద బాక్సైట్ తవ్వి, దమన్‌జోడిలో అల్యూమినాగా మార్చి, అక్కడి నుంచి రైలులో అంగుల్‌కు పంపి లోహంగా తీస్తారు. ఒక టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 14 వేల యూనిట్ల కరెంటు కావాలి. రోజుకొక యూనిట్ చొప్పున ఒక కుటుంబానికి అది 38 ఏళ్ళ వాడకం. అల్యూమినియం వద్దని నేను అనడం లేదు. మా ఇంటి కిటికీ చట్రాలూ అవే. ఆ డిమాండును అడిగి రాసుకునేవారు ఉన్నట్టే, ఈ డిమాండునూ అడిగి రాసుకునేవారు ఎవరైనా ఉండాలంటున్నాను.

విద్యుత్ సంస్కరణల్లో దేశానికంతటికీ ముందు నడిచింది ఒడిశాయే అన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ప్రపంచ బ్యాంకు సలహాతో 1995లో చట్టం చేసి, 1996లో రాష్ట్ర విద్యుత్ బోర్డును విడగొట్టి, 1999లో పంపిణీని ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. అదే ఏడాది అక్టోబరులో సూపర్ సైక్లోన్ వచ్చి కోస్తా జిల్లాల లైన్లన్నీ నేలకూలాయి; అక్కడి పంపిణీ తీసుకున్న విదేశీ సంస్థ రెండేళ్ళలో చేతులెత్తేసింది. మా దక్షిణ జిల్లాలు ఆ తరువాత చాలా చేతులు మారాయి. 2003 చట్టం రాసినవారి ముందు ఈ అనుభవమంతా ఉంది. పంపిణీ బాగుపడకుండా ఉత్పత్తి పెంచితే లాభం లేదన్న పాఠం మా ఖర్చుతోనే నేర్చుకున్నారు. అది దేశానికి ఉపయోగపడిందంటే సంతోషమే.

ఇక నాకు ఎదురు చెప్పేవారి మాట. మా తమ్ముడు విశాఖలో ఇంజినీరు. "అక్కా, లేని లోడును ఎవడు కొలుస్తాడు? ప్రతి పల్లెకూ వెళ్ళి నీకేం కావాలి అని అడిగితే ప్రణాళిక వేసేదెప్పుడు, ప్లాంటు కట్టేదెప్పుడు? అందరూ ఎక్కువ చెబుతారు, చివరికి వాడరు. ఆ నష్టం ఎవరు భరించాలి?" అంటాడు. అతని మాటలో పస ఉంది. నాన్నగారి జీతం మీద చదువుకున్న నేను మాచ్‌ఖండ్ కట్టకుండా ఉండాల్సిందని అనలేను. విశాఖ తీరం పెరగకపోతే మా ఊరి కుర్రాళ్ళకు ఆ ఉద్యోగాలూ లేవు.

కానీ ఎక్కువ చెప్పి తక్కువ వాడడం పల్లెకే అంటుకున్న జాడ్యమని అనడం చరిత్రకు నిలవదు. వాడేవారి చిట్టాల మీద ఆధారపడిన సర్వేలే ఎక్కువ లెక్కకట్టిన సందర్భాలు ఉన్నాయి. పద్దెనిమిదో సర్వే చెప్పిన డిమాండు వాస్తవంలో రాలేదు. దేశంలోని బొగ్గు కేంద్రాలు 2016-17 నాటికి సగటున తమ సామర్థ్యంలో 60 శాతం దగ్గర నడుస్తూ ఉండిపోయాయి. నడవని ప్లాంటుకు కూడా ఒప్పందం ప్రకారం స్థిర చార్జీలు కట్టాలి, అవి చార్జీల రూపంలో అందరి బిల్లుల్లోకీ వచ్చాయి, రెండు బల్బుల బిల్లులోకి కూడా. గిగావాట్లలో తప్పును భరించగలిగిన వ్యవస్థ ఒక పిండిమర విషయంలో మాత్రం గిట్టుబాటు పట్టుకు కూర్చోవడం నాకు సబబుగా తోచదు. కొలవడం అసాధ్యమన్నదీ నిజం కాదు. ఎన్ని ఊళ్ళల్లో డీజిలు మరలున్నాయో, ఎన్ని పొలాల్లో కిరాయి ఇంజన్లు తిరుగుతున్నాయో, బడిలో కంప్యూటరు ఎందుకు మూలన పడి ఉందో పంచాయతీ కార్యదర్శిని అడిగితే ఒక్క పూటలో తేలుతుంది.

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, చమురు, సహజవాయువు మండించని) సామర్థ్యం అని దేశం లక్ష్యం పెట్టుకుంది. పగటి సూర్యుడి కరెంటును సాయంత్రం దాకా దాచాలి. దానికి పంప్డ్ స్టోరేజి మేలైన దారి అని 2023 ఏప్రిల్‌లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మిగిలిన కరెంటుతో కింది జలాశయం నీటిని పై జలాశయానికి తోడి, సాయంత్రం దింపి టర్బైన్లు తిప్పుతారు. వంద యూనిట్లు పెడితే 75 నుంచి 80 తిరిగి వస్తాయి. దీనికి కావలసినవి ఎత్తైన కొండ, పక్కనే లోయ, నీళ్ళు. అంటే మళ్ళీ మా ఊళ్ళే. ఒడిశా వైపు ఎగువ ఇంద్రావతి దగ్గర 600 మెగావాట్లు, ఆంధ్ర వైపు ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్లు ప్రతిపాదించారు. సాంకేతికంగా ఇది మంచి ఆలోచనే, బొగ్గు కన్నా మేలు. సాయంత్రపు డిమాండు ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. 2008 నాటి జల విద్యుత్ విధానం కొత్త ప్రాజెక్టుల నిర్వాసిత కుటుంబాలకు నెలకు వంద యూనిట్ల చొప్పున పదేళ్ళు ఇవ్వాలంది. జలపుట్, బలిమెల కింద పోయినవారు ఆ లెక్కలోకి రారు, వాళ్ళు తొందరపడి మునిగారు.

నేను కోరేవి పెద్దవేమీ కావు. సర్వేలో అమ్మకాల పక్కన, అమ్మలేకపోయిన దానికి కూడా ఒక గడి ఉండాలి. తిరస్కరించిన త్రీఫేజు దరఖాస్తులు ఎన్ని, ఏ పని కోసం అడిగారు అన్నది పంపిణీ సంస్థల దగ్గర కాగితాల రూపంలో ఉన్నదే, దాన్ని పైకి పంపడమే మిగిలింది. ప్రణాళిక ముసాయిదా మీద ప్రజల సూచనలు తీసుకోవాలని చట్టంలో ఉన్నప్పుడు ఆ ప్రజలకు తెలిసిన భాషలో అది ఉండాలి. నేను చదివిన ముసాయిదాల్లో ఒడియాలో గానీ తెలుగులో గానీ ఒక్కటీ లేదు, మా కొండల్లో మాట్లాడే దేశియా మాట దేవుడెరుగు. అన్నిటికన్నా ముఖ్యమైనది వరుస మార్చడం. ఇప్పుడు మ్యాపు మీద చుక్క ముందు పడుతుంది, గ్రామసభ తరువాత జరుగుతుంది. అప్పటికి ప్రణాళికలో మెగావాట్లు చేరిపోయి ఉంటాయి కాబట్టి గ్రామసభకు మిగిలేది పరిహారం ఎంత అన్న బేరం ఒక్కటే. చుక్క పెట్టకముందే ఆ ఊరికి వెళ్ళి, ఇక్కడ మీకు ఏం కావాలి, ఈ కొండ నుంచి మేము ఏం తీసుకోవాలనుకుంటున్నాం అని రెండు ప్రశ్నలూ ఒకే రోజు అడగాలి.

పోయిన నెల మౌసీ మనవడితో కలిసి త్రీఫేజు కోసం మళ్ళీ దరఖాస్తు రాశాం. ఈసారి అతను ఒక్కడే కాదు. వడ్ల మర పెడతానన్న మరో కుర్రాడు, వాగు నీళ్ళకు మోటారు కావాలన్న నలుగురు రైతులు కూడా సంతకాలు చేశారు, ఇద్దరు వేలిముద్రలు వేశారు. ఫారంలో "అవసరమైన లోడు" అన్న గడి ఉంది. అందులో ఎంత రాయాలో తేల్చుకోవడానికి షెడ్డు ముందు కూర్చొని గంటసేపు వాదించుకున్నారు. చివరికి ముప్పై హార్స్‌పవర్ అని రాశాం.